తిరిగి ఇవ్వాల్సిన జీతం

"ఇరవై రెండు వేలు జీతం తీసుకుంటూ, నాలుగున్నర వేల వాయిదాకు ఏడుపేంటి మేడం?"

ఎమ్మిగనూరు బ్యాంకులో లోన్ల సీటులో కూర్చున్న మనిషి అన్న మాట ఇది. నవ్వుతూ అన్నాడు. వెనక నిలబడ్డవాళ్లందరికీ వినబడేలా అన్నాడు. బీఎడ్‌కు తీసుకున్న అప్పు వాయిదా తగ్గించి, నెలలు పెంచమని అడగడానికి పోయాను. అప్పు కాగితాల మీద అమ్మ వేలిముద్ర కూడా ఉంది కాబట్టి ఆమెనూ వెంట తీసుకుపోయాను. అతను కంప్యూటరు తెరను అమ్మ వైపు తిప్పి, "చూడమ్మా, నెలనెలా నీ కూతురికి ఎంత పడుతోందో" అన్నాడు. అమ్మకు చదువు రాదు. వేలిముద్ర వేయించుకున్నవాళ్లకు ఆ సంగతి తెలియదా?

అమ్మ తెర వైపు చూడలేదు. నా వైపు చూసింది.

ఆ చూపుకు కారణమైనవాళ్లలో ఒక్కరిని కూడా నేను మర్చిపోలేదు.

బయట మెట్ల మీద అడిగింది: "పది వేలే అంటివి కదా పాపా. మిగిలిండేది యాడ పెడ్తాండావ్?"

నేను అబద్ధం చెప్పలేదు. బ్యాంకు తెర కూడా చెప్పలేదు. నేను పనిచేసే ప్రైవేటు బడి నా ఖాతాలో ఇరవై రెండు వేలూ వేస్తుంది. బీఎడ్ చదివిన టీచర్లకు మంచి జీతం ఇస్తున్నట్టు వాళ్ల కాగితాల్లో కనబడాలి. అదే రోజు మధ్యాహ్నం అన్నం వేళకు బడి గుమాస్తా బ్యాంకు పక్కనున్న ఏటీఎం దగ్గర నిలబడతాడు. మేము ఒక్కొక్కరమే డబ్బు తీసి, పన్నెండు వేలు అతని చేతిలో పెట్టాలి. రసీదు ఉండదు.

చేరిన రోజు కరస్పాండెంట్ ఈ ఏర్పాటు చెబితే, ఇదేం పద్ధతి సార్ అన్నాను. "బీఎడ్ చదివినోళ్లు వీధికి పదిమంది ఉండారమ్మా. నచ్చకపోతే గేటు అదో" అన్నాడు. అప్పటికే నా ఒరిజినల్ సర్టిఫికెట్లు అతని బీరువాలోకి పోయాయి. అంతకు ముందు ఆదోనిలో, బీఎడ్ కాలేజీ ఆఫీసులో ఇంకో పెద్దమనిషి, "అప్పుకు భయపడద్దమ్మా, మొదటి జీతాలతోనే తీరిపోతాది" అన్నాడు. ఆ మొదటి జీతం ఎంతో అతను చెప్పలేదు. అడగాలని నాకూ, అమ్మకూ తోచలేదు. అతను ఇప్పటికీ ఆదోని బజారులో ఎదురైతే నమస్తే పెడతాడు. నేను తల తిప్పుకుంటాను.

మాది గోనెగండ్ల దగ్గరి పల్లె. వానలు లేని ఏడాది సగం ఊరు సుగ్గికి పోతుంది. అంటే పిల్లల్ని, గిన్నెల్ని లారీకెక్కించుకుని కూలీలను కుదిర్చే మేస్త్రీ వెంట గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పోతుంది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి అమ్మ పోతూనే ఉంది. ఇప్పుడు ఆమె మోకాళ్లు పట్టేశాయి. ఆమెను మళ్లీ ఆ లారీ ఎక్కనివ్వకూడదనే నేను బీఎడ్ చదివాను. వేరే గొప్ప ఆశయమేదీ లేదు.

బస్సు దిగి ఇంటికొచ్చి, చెంబెడు నీళ్లు తాగి అమ్మ చెప్పింది.

"మేస్త్రీ కాడ అడ్వాన్సు తీసుకున్నా. సుగ్గికి పోతాండా. నీ లోనుకే."

"వద్దు. నేను కడతా."

"యాడ తెచ్చి కడ్తావ్? ఆ దాసిపెట్టిండే దాంట్లోనుంచా?"

జరిగేదంతా చెప్పాను. నమ్మలేదు. "జీతమిచ్చి మళ్లా గుంజుకుంటారా యాడన్నా?" అంది. అందుకే తర్వాతి జీతం రోజు ఆమెను ఏటీఎం దగ్గరికి తీసుకుపోయాను.

నా ముందున్న తెలుగు టీచరు డబ్బు ఇచ్చేసి, ఎవరి మొహమూ చూడకుండా వెళ్లిపోయింది. గుమాస్తా ఆ నోట్లను టిఫిన్ సంచిలో వేసుకున్నాడు.

"ఏమప్పా, ఆ యమ్మ నీకేమన్నా బాకీనా?" అంది అమ్మ.

"స్కూలు లెక్క పెద్దమ్మా. నీకు తెల్దులే."

"మా మేస్త్రీ కూడా కమీషన్ పట్టుకుంటాడు. సగానికి పైన పట్టుకునే మేస్త్రీని ఈడే చూస్తాండా."

వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. గుమాస్తా నా వైపు చెయ్యి చాపాడు. నేను ఇచ్చేలోపే అమ్మ నా చేతిలోని నోట్లు లాక్కుని రొంటిన దోపుకుంది. "పదా" అని నన్ను పక్కనే ఉన్న బ్యాంకులోకి నడిపించింది. ఆ పన్నెండు వేలూ అప్పుకే కట్టాము.

లోన్ల సీటు మనిషి, "చూశారా, మనసుంటే కట్టొచ్చు" అన్నాడు. మళ్లీ నవ్వుతూనే. ఆ మాట, ముందు అన్న మాట, రెండూ నా దగ్గర భద్రంగా ఉన్నాయి.

మర్నాడు బడి గేటు దగ్గర వాచ్‌మన్ ఆపేశాడు. సర్టిఫికెట్లు అడిగితే, పన్నెండు వేలు కట్టి తీసుకుపొమ్మని లోపల్నుంచి కబురు చేశారు. నా జీతం వాళ్లకు కడితే నా చదువు నాకిస్తారట.

వాయిదా ఆగదు. మేస్త్రీ అడ్వాన్సుకు కోతకు పోయి తీరాలి. అమ్మను లారీ ఎక్కనివ్వకూడదని చదివినదాన్ని, ఆమెతో పాటు నేనూ ఎక్కాను. మేస్త్రీ చెయ్యందించి, "రాండి టీచరమ్మా, హాజరు మీరే పిలుస్తారా?" అన్నాడు. లారీ అంతా నవ్వింది. అతను వెక్కిరించాడో, మామూలుగా అన్నాడో ఇంకా తేల్చుకోలేదు. తేలేదాకా ఆ మాటనూ వదలను.

మిరప ఘాటుకు కళ్లు మండుతున్న వేళ కరస్పాండెంట్ ఫోన్ చేశాడు. నా బదులు పదో తరగతికి లెక్కల టీచరు దొరకలేదట.

"వీధికి పదిమంది ఉన్నారు కదా సార్?"

"పాతవన్నీ ఏంటికమ్మా? తిరిగిచ్చేదాంట్లో రెండు వేలు తగ్గిస్తాంలే."

"నా సర్టిఫికెట్లు?"

"వచ్చి చేరు, చూద్దాం."

అమ్మ వంచిన నడుము ఎత్తకుండానే అడిగింది. "ఏమంటాండాడు?"

"రెండు వేలు తక్కువ గుంజుకుంటాడంట."

"ఈడ కూలి చేతిలో పెట్టినాక ఎవురూ మళ్లా చెయ్యి చాపరని సెప్పు ఆయప్పకు."

పొల్లుపోకుండా అలాగే చెప్పాను. ఫోన్ పెట్టేశాడు.

ఈ నెల వాయిదా మా ఇద్దరి కూలితో కట్టాము. అమ్మ మోకాళ్లు వాచాయి. నేను నూనె రాస్తుంటే, నొప్పి లేదని అబద్ధం చెబుతుంది. ఆ వాపును కూడా నేను ఆ బడి బాకీలోనే రాసుకున్నాను. సుగ్గి ముగిసిన మర్నాడే పోయి వాళ్ల గేటు ముందు కూర్చుంటాను. సర్టిఫికెట్లు చేతికిచ్చేదాకా లేవను. అమ్మ కూడా వస్తానంటోంది. ఒక పూటతో తేలేది కాదు, రొట్టెలు కట్టుకుని పోదామంటోంది.