మంద వంతులు వేసింది చెన్నయ్యే

పదకొండేళ్లుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగలేకపోయాను, కక్కలేకపోయాను. నువ్వెవరో నాకు తెలియదు కాబట్టి నీకు చెబుతున్నాను. తెలిసినవాళ్లకు చెప్పేంత దమ్ము నాకు లేదు. ముందే ఒక సంగతి. నన్ను ఓదార్చొద్దు. పోనీలే, కుర్రతనంలో ఎవరైనా చేస్తారు అనే రకమైతే ఇక్కడే ఆపేయ్. ఆ వయసులో అందరూ చేయలేదు. నేను చేశాను.

మార్కాపురంలో ఒక కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ బతుకుతున్నాను. ఏటా పిల్లలు దరఖాస్తులు పట్టుకొని వస్తారు. లీడర్‌షిప్ గురించి ఐదువందల మాటల్లో రాయమన్నారు సార్, ఏం రాయాలి అంటారు. ఆ మాట వింటేనే నాకు ఒళ్లు మండుతుంది. కసిరి పంపేస్తాను. వీడొక కోపిష్టి అని వెనకాల అనుకుంటారట. అనుకోనీ. అసలు సంగతి తెలియడం కన్నా అదే నయం.

మా ఊరు గిద్దలూరు నుంచి నల్లమల వైపు పోయే దారిలో ఉంటుంది. మాకు పొలం ఉంది. చెన్నయ్య వాళ్లకు గొర్రెలు ఉన్నాయి. ఇద్దరం ఒకే బడి, ఒకే కాలేజీ, చివరికి ఒకే యూనివర్సిటీలో ఎమ్మెస్‌డబ్ల్యూ. వాడు నాకంటే నాలుగు నెలలు పెద్ద. అయినా నన్ను అన్నా అనేవాడు, నేను వాణ్ని ఒరే అనేవాణ్ని. హాస్టల్లో ఎవరో ఇదేం లెక్కరా అని అడిగితే చెన్నయ్య నవ్వేసి, మా పక్క అంతేలే అన్నాడు. నాకు అందులో అడగడానికేముందో కూడా అర్థం కాలేదు.

పీజీ అయిపోయిన రెండేళ్లకు ఇద్దరం ప్రభుత్వం వాళ్ల లీడర్‌షిప్ ఫెలోషిప్‌కు దరఖాస్తు పెట్టాం. దొరికితే రెండేళ్లు ఏదో ఒక జిల్లాలో కలెక్టరాఫీసులో పని. ఫైళ్లు చూడాలి, పల్లెలు తిరగాలి, ఇది ఇట్లా చేస్తే బాగుంటుందని పై వాళ్లకు చెప్పాలి. పీజీ చేసి రెండేళ్లు దాటితే మళ్లీ పెట్టుకోవడానికి వీల్లేదు. మాకు అదే ఆఖరి ఏడు.

ఏ పదవీ లేకుండా నువ్వు పదిమందిని ఎప్పుడు నడిపించావో రాయి, అని దరఖాస్తులో ఒక ప్రశ్న. చెన్నయ్యకు రాయడానికి నిజంగానే ఒకటుంది. అదేంటో చెప్పాలంటే మంద సంగతి చెప్పాలి.

మా వైపు కోతలయ్యాక చేలల్లో గొర్రెల మంద పెట్టిస్తారు. రాత్రిళ్లు మంద ఆ చేలోనే పడుకుంటుంది. ఆ పెంటకు నేలకొచ్చే సత్తువ ఎన్ని యూరియా బస్తాలు చల్లినా రాదు. కాబట్టి అందరికీ మంద కావాలి, అదీ ముందు తనకే కావాలి. పొలం ఎక్కువున్నవాళ్లు పది, పదిహేను రోజులు మందను కదలనిచ్చేవాళ్లు కాదు. ఎకరం ఉన్నవాడి వంతు వచ్చేసరికి వానలు పడేవి. పైగా మందను ఈ చేలోంచి ఆ చేలోకి తోలేటప్పుడు దారిలో కోయని కంది ఉంటుంది. గొర్రె నోరు కట్టేస్తామా? తిట్లు, కర్రలు. ఒక ఏడు ఎవరో మందను పట్టుకుపోయి, పైరు మేసిన పశువులను కట్టేసే బందెలదొడ్డిలో పెట్టి తాళం వేస్తే, నీళ్లు లేక రెండు గొర్రెపిల్లలు చచ్చిపోయాయి. వాటిని చంకలో పెట్టుకొని ఊళ్లోకి వచ్చింది చెన్నయ్య వాళ్లమ్మ.

ఆ ఏడు పీజీ సెలవుల్లో చెన్నయ్య నాలుగు రోజులు పొలాలన్నీ కాలినడకన తిరిగాడు. ఒక కాగితం మీద వంతులు వేశాడు. వాగు అవతలి చేలతో మొదలుపెట్టి ఊరి వైపు రావాలి. ఒక చేనుకు ఆనుకొని ఉన్న చేనే తర్వాతి వంతు. కోయని చేను ఎక్కడా దాటే పని లేదు. ఎంత పెద్ద రైతైనా ఎకరానికి రెండు రాత్రులే. దారిలో ఎకరం ఉన్నవాడిదీ తగులుతుంది, వాడికీ రెండు రాత్రులు. ఇంత సులువైన సంగతి అంతకుముందు ఎవరికీ ఎందుకు తట్టలేదో నాకు ఇప్పటికీ తెలియదు.

కానీ గొర్రెలు కాసేవాడి కొడుకు చెబితే రైతులు వింటారా? అదీ వాడికి తెలుసు. కాగితం తెచ్చి మా నాయన ముందు పెట్టి, ఇది నీ మాటగా చెప్పు పెదనాయనా అన్నాడు. నాయన రెండుసార్లు చదివించుకొని విన్నాడు. మరునాడు పొద్దున పాల కేంద్రం దగ్గర అందరూ చేరే వేళకు వంతులు చెప్పాడు. ఒక్కరు నోరెత్తలేదు. ఆ ఏడు ఒక్క కర్ర లేవలేదు. ఊరంతా నాయన పేరే చెప్పుకుంది, చెన్నయ్య గొర్రెల వెనకాల పోతూ విన్నాడు.

వాడు దరఖాస్తులో రాసింది ఇదే. నాయన నోటితో చెప్పించిన సంగతి కూడా దాచకుండా రాశాడు.

నేనేం రాశానో చెప్పనా? రక్తదాన శిబిరం. నేను చేసిందల్లా స్టేజీ మీద నిలబడి ఫొటో దిగడం. రాసి, గొప్పగా చెన్నయ్యకు చూపించాను. వాడు మొత్తం చదివి, చాలా బాగుందన్నా, కానీ ఇందులో నువ్వెక్కడున్నావు అని అడిగాడు. వెటకారం కాదు. నిజంగా తెలుసుకుందామనే అడిగాడు. వాడి మీద కసి పుట్టింది అప్పుడే.

మొదటి వడపోతలోనే నా పేరు పోయింది. చెన్నయ్య దాటాడు. రాత పరీక్ష దాటాడు, ఇంటర్వ్యూ దాటాడు. మిగిలింది ఒక్కటే, వాళ్ల మనిషి ఊరికొచ్చి రాసింది నిజమో కాదో చూసుకొని పోవడం. అప్పటికి ఎండలు ముదిరాయి. ఎండాకాలంలో ఊళ్లో మేత ఉండదు, మందను తోలుకొని అడవి అంచుకు పోవాలి. చెన్నయ్య వాళ్ల నాయనకు మోకాలు పనిచేయడం లేదు, కాబట్టి వీడే పోవాలి. అక్కడ ఫోను పలకదు. ఊళ్లో విచారించడానికి, బంధువు కాని, చదువుకున్న ఒకరి పేరు ఇమ్మన్నారు. చెన్నయ్య నా పేరు ఇచ్చాడు. ఇచ్చి, ఇంటికొచ్చి చెప్పి, మజ్జిగ తాగి, మంద తోలుకొని పోయాడు.

ఒక మేడమ్ కారులో వచ్చింది. ఆ రోజు నాయన పొదిలి పోయాడు. ఆమె పాల కేంద్రం చూసింది, చేలగట్లు తిరిగింది, మా ఇంటికొచ్చింది. ఈ వంతులు వేసింది చెన్నయ్యేనా అని నన్ను అడిగింది. మా నాయన మేడమ్, చెన్నయ్య కాగితం మీద రాసిపెట్టాడంతే అన్నాను. ఆమె రాసుకొని వెళ్లిపోయింది. నెల తిరక్కుండా చెన్నయ్యను ఎంపిక చేయలేదని వచ్చింది.

ఊళ్లో ఎవరిని అడిగినా అదే చెబుతారు గదా, ఊరు చెప్పేదే నేను చెప్పాను గదా, అని నాకు నేను ఎన్నిసార్లు చెప్పుకొని ఉంటాను?

తొలకరికి మంద తిరిగొచ్చింది. చెన్నయ్య కాళ్లు కూడా కడుక్కోకుండా మా వాకిట్లోకి వచ్చాడు. మాడి బొగ్గయి ఉన్నాడు.

"మేడమ్ వచ్చినాదంట గదన్నా. నిన్నేమడిగింది?"

"వంతుల సంగతి అడిగింది."

"నువ్వేం చెప్పినావు?"

"ఉన్నది చెప్పినా."

"నువ్వు చెప్పినాంక గూడా రాలేదంటే ఇంగ నాకు రాసిపెట్టి లేదులే అన్నా," అన్నాడు. అని, నన్ను చూసి, నాకూ రాలేదని గుర్తొచ్చిందేమో, "నువ్వేం మనసులో పెట్టుకోవాక," అని నా భుజం తట్టాడు.

వాడు నన్ను ఓదార్చాడు. ఆ చెయ్యి విదిలించి కొట్టాలనిపించింది. ఎందుకు? తప్పు చేసింది నేను, కోపం వాడి మీద. వాడి మంచితనం చూస్తే నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. ఇప్పటికీ ఎక్కుతుంది. వాడు ఒక్కసారి, ఒక్కసారి నన్ను అనుమానించి ఉంటే ఈ పాటికి ఎప్పుడో చెప్పేసేవాణ్ని అనుకుంటాను. అదీ వాడి తప్పే అన్నట్టు.

ఇక్కడిదాకా చదివి నువ్వు మెత్తబడి ఉంటావు. పాపం, ఎదురుగా నిలబెట్టి అడిగితే నోరు జారాడు అనుకొని ఉంటావు. ఆగు. నీకూ అబద్ధమే చెప్పాను. ముఖం తెలియని నీ దగ్గర కూడా నన్ను కాస్త మంచివాడిగా చూపించుకోవాలని ఎందుకంత తాపత్రయమో నాకు.

నాయన ఆ రోజు పొదిలి పోలేదు. ఇంట్లోనే ఉన్నాడు. వసారాలో నులకమంచం మీద కూర్చొని మేడమ్‌కు అంతా ఆయనే చెప్పాడు. "నాదేముంది తల్లీ, నేను అరిచినోణ్ని అంతే. బుర్ర ఆ పిల్లోనిది," అన్నాడు. ఆ మాటకు మేడమ్ ముఖం విప్పారింది. రాసుకుంది. ఫైలు మూసింది. మజ్జిగ ఇస్తే తాగింది. నన్ను ఏమీ అడగలేదు. వింటున్నావా? ఆమె నన్ను ఒక్క ముక్క అడగలేదు. చెన్నయ్య పని అయిపోయింది. నేను నోరు మూసుకొని నిలబడితే చాలు.

కారు దాకా సాగనంపుతానని వెంట నడిచాను. యాభై అడుగులు ఉంటాయేమో. ఆ యాభై అడుగుల్లో నా బుర్రలో తిరిగింది ఫెలోషిప్ కాదు. వీడు రేపు కలెక్టర్ పక్కన కూర్చుంటే నన్ను ఏమని పిలుస్తాడు? నేను వీణ్ని ఏమని పిలవాలి? మా ఇంటికొస్తే ఎక్కడ కూర్చోబెట్టాలి? ఇంతే. ఇంత నీచమైన సంగతి. దీనికే ఒక మనిషి బతుకు తీసుకుపోయి బందెలదొడ్డిలో పెట్టి తాళం వేశాను.

కారు తలుపు దగ్గర నేనే పిలిచాను. మా నాయన మాట పట్టించుకోవద్దు మేడమ్ అన్నాను. గొర్రెలోళ్లంటే ఆయనకు జాలి, ఆ పిల్లోనికి ఉద్యోగం వస్తుందని అట్లా చెప్పాడు, వంతులన్నీ ఆయన వేసినవే, తన పేరు తనే తీసేసుకున్నాడు, ఆయన గుణమే అంత అన్నాను. నాయన మంచితనాన్నే నాయన మాట మీదికి తోలాను. ఆమె వెనక్కి తిరిగి వసారా వైపు చూసింది. మంచివాళ్లను సాగనంపినట్టు నాయన చెయ్యెత్తి ఊపాడు. ఆమె ఫైలు కారు మీద పెట్టి మళ్లీ తెరిచింది. ఆమె రాయడం అయ్యేదాకా నేను అక్కడే నిలబడ్డాను.

చెన్నయ్యకు రాలేదని తెలిశాక నాయన నన్ను ఎన్నిసార్లు అడిగాడో లెక్కలేదు. "నా మాటలో యాడ తప్పు పోయిందిరా?" అని. నేను ఏమో అనేవాణ్ని. ఆయన చెన్నయ్య ఇంటికి పోయి, నాకు మాట్లాడటం చేతగాక నీ పని చెడగొట్టినాను రా అబ్బీ అన్నాడట. ఆ సంగతి చెన్నయ్యే నాకు చెప్పాడు, పెదనాయనకు నువ్వన్నా చెప్పన్నా, బాధపడొద్దని, అన్నాడు. ఆ తర్వాత నాయన పాల కేంద్రం దగ్గర పెద్దగా మాట్లాడలేదు. ఆయన చెప్పక, చెన్నయ్య చెబితే ఎవరూ వినక, రెండేళ్లకు వంతులు చెడిపోయాయి. కర్రలు మళ్లీ లేచాయి.

నాయన పోయి నాలుగేళ్లయింది. ఒంగోలు ఆసుపత్రిలో ఉన్నప్పుడు కూడా ఒకసారి చెన్నయ్య మాట ఎత్తాడు. గదిలో మేమిద్దరమే ఉన్నాం. చెప్పొచ్చు. ఇప్పుడెందుకు నాయనా అవన్నీ అని దుప్పటి సర్దాను. ఊళ్లో మాటంటే తనదేనని అందరూ అనుకున్న మనిషి, తన మాట వల్లే ఒక పిల్లోడి బతుకు చెడిందని నమ్ముతూ పోయాడు. చెన్నయ్యకు చేసింది ఒక తప్పు. ఇది ఇంకొకటి. ఏది పెద్దదో తూచుకోవడం మానేశాను.

చెన్నయ్య గొర్రెలతోనే ఉన్నాడు. ఎమ్మెస్‌డబ్ల్యూ సర్టిఫికెట్టు వాళ్ల ఇంట్లో బియ్యం డబ్బా మీద, పటాల వెనకాల ఉంది. మొన్న మార్కాపురం సంతకొచ్చి కాలేజీ గేటు దగ్గర నన్ను కలిశాడు. బాగుండావా అన్నా అన్నాడు. బాగున్నానురా అన్నాను.

ఇది ఎక్కడైనా అచ్చయితే వాడు చదువుతాడు. కాగితం ముక్క దొరికినా చదివే మనిషి. ఇందులో పేర్లు మార్చాను, ఊరు చెప్పలేదు. కానీ వాగు అవతలి చేలతో మొదలై ఊరి వైపు వచ్చే ఆ వంతులు మార్చలేదు. వాడికి రెండో పేజీ దాకా కూడా అక్కర్లేదు, గుర్తుపడతాడు. గుర్తుపట్టాలనే రాశాను. వాకిట్లోకి వచ్చి ఏం చేస్తాడో తెలియదు. ఏమీ చేయకపోతే, మళ్లీ నా భుజమే తడితే, అప్పుడు నేనేం చేస్తానో కూడా తెలియదు.

ఇది రాయడం మొదలుపెట్టిన నాలుగు రోజుల నుంచి నాకు కడుపునిండా అన్నం సహిస్తోంది. అది కూడా చెప్పాలి కదా, చెబుతున్నాను.