జ్ఞాపకశక్తి మేడమ్

మనస్తత్వశాస్త్రం చెప్పే ఆవిడను కాలేజీలో అందరూ జ్ఞాపకశక్తి మేడమ్ అంటారు. కళ్లజోడు నెత్తి మీదికి తోసుకుని, సుద్దముక్కతో బల్ల మీద కొడుతూ, తాత్కాలిక స్మృతి, దీర్ఘకాలిక స్మృతి మీద జరిగిన పరిశోధనల్లో లోపాలు వెతకమని ఏడాది పొడవునా గొంతు చించుకుంటుంది. పిల్లలు ఆ లోపాలను కూడా బట్టీ పట్టేస్తారు. మొన్నటి మౌఖిక పరీక్షలో, అది తప్పితే డిగ్రీ చేతికి రాని ఒక అమ్మాయి గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పింది: "ప్రయోగశాలలో అర్థంలేని అక్షరాలు గుర్తుపెట్టుకోమంటారు, నిజజీవితంలో ఎవరూ అలా చెయ్యరు, వెనక బెంచీ, ఆ ఫ్యాను తగ్గించండి."

"ఫ్యానేమిటే నా తల్లీ!" మేడమ్ తల పట్టుకుంది.

"క్లాసులో మీరే అలా చెప్పారు కదా మేడమ్."

"నేను చెప్పింది కాదు, నీకేమనిపిస్తోందో చెప్పి చావు. లేదంటే ఫెయిల్ చేసేస్తాను."

అమ్మాయి బిక్కమొహం వేసింది. "ఆ అక్షరాలు పొద్దున చదివితే ఇప్పటికే పోయాయి మేడమ్. మా నాన్న నన్ను సైకిలెక్కించి చెయ్యి వదిలేసిన రోజు మాత్రం ఎవరూ చదివించకపోయినా పోలేదు. మరి రెండూ ఒకటేనని ఆ ప్రయోగం చేసినాయన ఎలా అనుకున్నాడు?"

ఆ ఒక్క ప్రశ్న కోసమే గొంతు పోగొట్టుకున్న మేడమ్ పూర్తి మార్కులు వేసింది. అమ్మాయి తలుపు దాకా వెళ్లి వెనక్కి తిరిగింది. "మేడమ్, ఇందాక నేను చెప్పింది ఇంకోసారి చెప్తారా? జూనియర్లకి నోట్సు ఇవ్వాలి."