తలుపు సందున రెండు కళ్లు

మిర్యాలగూడలో ఫొటో స్టూడియో నడిపిన మా చిన్నాయన పోయాడు. సూర్యాపేటలో బస్సు ఎక్కబోతుండగా కబురొచ్చింది. వినగానే నేరేడుచర్ల పెళ్లి ఫొటో ఒకటి కళ్లముందు నిలిచింది. నాలుగేళ్లుగా అది నన్ను వదలడం లేదు.

కెమెరా వెనక బుల్లితెర మీద తెల్లగా మెరిసిన ఫొటో, కెమెరా ఏమీ దిద్దని పచ్చి ఫైలుగా కంప్యూటర్‌లో తెరవగానే మబ్బు పట్టినట్టు నల్లబడేది. వచ్చినవాళ్లు లబోదిబోమనేవారు. "వడ్లు సూసి అన్నం నల్లగుందంటరా? జర ఆగుర్రి" అని చిన్నాయన నవ్వేవాడు. రైస్‌మిల్లుల ఊరి మనిషి కదా. ముందు మొత్తం వెలుతురు కాస్త పెంచి, తర్వాత నీడలను మాత్రమే మెల్లగా పైకి తెచ్చేవాడు. "ఎక్కువ పాలిష్ పడితే నూకయితది" అనేవాడు. నిజమే, అతిగా లాగితే చీకటి నిండా నూకల్లా చుక్కలు తేలేవి. పెళ్లికూతుర్ని తెల్లగా చేయమంటే మాత్రం మండిపడేవాడు: "చీకటి తీస్త. పిల్ల రంగెందుకు తీస్త?"

నాలుగేళ్ల కిందట ఒక రోజు ఆ నేరేడుచర్ల పెళ్లికూతురు, కోదాడలో ఉండే ఆమె మేనమామ ఆల్బంకు ఫొటోలు ఎంచుకోవడానికి వచ్చారు. నేనూ అక్కడే ఉన్నాను. పుస్తె కట్టే ఫొటో తెరిచాడు. పందిరి దీపాలకు తగ్గట్టు తీయడంతో వెనక ఇల్లంతా నలుపు. నీడలు పెంచుతుంటే ఆ నలుపులోంచి రెండు కళ్లు వచ్చాయి. తర్వాత బోసి నుదురు, తలుపు రెక్కను పట్టుకున్న వేళ్లు. తర్వాతి ఫొటో, తలంబ్రాలు. అదే సందు, అవే కళ్లు. ఆ తర్వాతిదీ అంతే. రెప్ప వేసినట్టే లేదు.

"మామా, అమ్మ సూడలేదన్నవ్ గద?" అంది పిల్ల.

భర్త పోయిన మనిషి ముఖం కనబడితే అశుభమని ముహూర్తానికి ఆ తల్లిని లోపలి గదిలో కూర్చోబెట్టారట. తల్లి తన పెళ్లి చూడలేదన్న దిగులుతోనే ఆ పిల్ల అత్తవారింటికి వెళ్లింది.

"ఆ మూల నల్లగానే ఉంచన్నా, మంచిది కాదు," అన్నాడు మేనమామ.

"నీ అక్కనే గదనయ్యా? ఆమె చంకల తిరిగినప్పుడు మంచిగనే ఉండెనా?" అన్నాడు చిన్నాయన.

ఆ పుస్తె కట్టే ఫొటోనే ఆల్బంలో రెండు పేజీలకు పరిచాడు.

"మా ఇళ్లలో ఇలాంటివి లేవు" అంటారా? మీ పెళ్లి ఫొటోల్లో తలుపుల వెనక నలుపును కాస్త పెంచి చూడండి, తర్వాత నాతో వాదించండి. కన్నతల్లి చూపును కీడనే ఆచారానికి నేను దండం పెట్టను.

చిన్నాయన దినాల నాడు చుట్టాలు అదే పని మా చిన్నమ్మకు చేశారు. బొట్టు తీసి లోపలి గదిలో కూర్చోబెట్టారు. నేను అరిచాను. "ఊకో బిడ్డా, లొల్లి వద్దు" అని లోపల్నుంచి ఆమె గొంతే వినిపించింది.

దండ వేయడానికి ఫొటో లేదు. ఊరందరినీ తీసినవాడు తనను తీసుకున్నది ఒక్కసారే, ఇంట్లో కూర్చుని, లైటు చూసుకోవడానికి. ఆ పచ్చి ఫైలు తెరిచాను. బొగ్గులా ఉంది. నీడలు పెంచుతుంటే చిన్నాయన ముఖం మెల్లగా దగ్గరికొచ్చింది. ఇంకొంచెం పెంచాను. ఆయన భుజం వెనక, తలుపు సందులో, రెండు కళ్లు.

మౌస్ వదిలేశాను.

"నేనే," అంది చిన్నమ్మ. గడప దాటి ఎప్పుడొచ్చిందో, నా వెనకే నిలబడి ఉంది. "చాయ్ తెచ్చిన. ఫొటో అయినంక రమ్మన్నడు."

"బతికున్న మనిషున్న ఫొటోకు దండేస్తరా? ఆమెను తీసెయ్‌రా," అన్నాడో పెద్దాయన.

"దండే వద్దు. గిట్లనే ఉండనీ," అని చిన్నమ్మ అందరి మధ్యా కూర్చుంది. మళ్లీ లోపలికి పోలేదు.

ఆ ఫొటో ఇప్పుడు ముందుగదిలో ఉంది. సాయంత్రం కరెంటు పోయి చీకటి పడుతుంటే ముందు ఆయన ముఖం మాయమవుతుంది. తలుపులోని కళ్లు ఆఖరున.