పెద్దమ్మ కాలి మీద వెలుతురు చారలు

పెద్దమ్మ పోయిందని అన్నయ్య ఫోన్ చేసినప్పుడు నేను ఫిజీ రాజధాని సూవాలో, యూనివర్సిటీ ప్రయోగశాలలో ఉన్నాను. పొద్దున గుడికి వెళ్ళొచ్చి, టీ తాగుతూ కుర్చీలోనే ఒరిగిపోయిందట. గుండె అన్నారు డాక్టర్లు. కన్నకొడుకు తనే అయినా, అన్నయ్యే నన్ను ఓదార్చాడు. ఆమెను కడదాకా బాగా చూసుకున్నావు అన్నాడు. ఆ మాట నాకు మింగుడుపడలేదు. ఎందుకో చెప్పాలనే ఇది రాస్తున్నాను.

ఆమె మా అమ్మకి అక్క. మాది రాకిరాకీ వైపు, అక్కడి పెనాంగ్ చక్కెర మిల్లుకి చెరుకు తోలే కుటుంబం. హైస్కూలు చదువుకి నన్ను లౌటోకా పంపితే, పక్కనే లోవులో పెద్దమ్మ ఇంట్లో ఉన్నాను. లౌటోకా మార్కెట్లో ఆమె బెండకాయలు, వంకాయలు అమ్మేది. స్కూలు వదిలాక ఆమె బల్ల వెనక గోనెసంచి మీద కూర్చుని లెక్కలు చేసుకునేదాన్ని. ఇంట్లో అందరం ఫిజీ హిందీయే మాట్లాడేవాళ్ళం. తెలుగు గుడిలోనూ, పెద్దమ్మ నోటిలోనూ మిగిలింది. వెలుగు రాకముందే తోటలోకి దిగాలని నన్ను లేపుతూ అనేది: "బెండకాయ మన కోసం ఆగదు బేటీ. ఒక రోజు ఆగితే ముదిరిపోతాది."

చక్కెర జబ్బు ముదిరి ఆమె కుడికాలు మోకాలి కింద తీసేశారు. అప్పటికి సూవా యూనివర్సిటీలో నా పనీ అలాంటి కాళ్ళతోనే. ప్రొజెక్టర్‌తో ఒంటి మీద నలుపు తెలుపు చారలు వేస్తాం. పక్క నుంచి కెమెరా చూస్తుంది. ఎత్తుపల్లాలున్న చోట చారలు వంగుతాయి. ఆ వంపుల్ని బట్టి కంప్యూటరు కాలి ఆకారాన్ని లోతుతో సహా కడుతుంది. ఆ ఆకారాన్ని బట్టి కృత్రిమ కాలికి తొడుగు చేయొచ్చు. తొడుగు ఏ కాస్త తేడాగా ఉన్నా పుండు పడుతుంది. చక్కెర ఉన్నవాళ్ళకి పుండు పడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

ఆసుపత్రిలో కృత్రిమ కాళ్ళు చేసే అతను ఆ వారమే ప్లాస్టరుతో అచ్చు తీస్తానన్నాడు. లేదూ, మీ మిషనుతో కొలుస్తానంటే అలాగే కానివ్వండి, మీ ఇష్టం అన్నాడు. పెద్దమ్మ నా వైపు చూసింది. మిషనుతోనే చేద్దాం, ఇంకా బాగా వస్తుంది అన్నాను.

"మా పిల్ల చేస్తాది," అని ఆమె అతనితో గర్వంగా చెప్పింది.

శనివారాలు సామానంతా కారులో వేసుకుని లోవు వెళ్ళేదాన్ని. చారలు స్పష్టంగా పడాలంటే గది చీకటిగా ఉండాలి. మధ్యాహ్నపు ఎండలో కిటికీలకి దుప్పట్లు కట్టి, ఫ్యాను కూడా ఆపేసేదాన్ని. ఉక్కకి ఆమెకి చెమట పట్టేది. తడి చర్మం మెరిసేది. మెరిసిన చోట చారలు చెరిగిపోయేవి, కుట్ల ముడతల్లో అసలు కనిపించేవే కావు. పౌడరు అద్దాను. ఆమె ఊరుకోకుండా కబుర్లు చెప్పేది. ఒక చార పడి ఇంకోటి పడేలోగా కాలు కదిలి, తెర మీద ఆకారం అలలు అలలుగా వచ్చేది. మాట్లాడకు పెద్దమ్మా అని విసుక్కున్నాను. నోరు మూసుకుని, కళ్ళతో నవ్వుతూ కూర్చుంది.

నిజం చెప్పాలంటే, కొన్నాళ్ళకే తొడుగు చేయడానికి సరిపడేంత కొలత వచ్చింది. నేను ఆపలేదు. వెలుతురు తగ్గించి ఒకసారి, పెంచి ఒకసారి తీసి రెండూ కలిపితే మెరుపూ ముడతా రెండూ దారికొస్తాయని తట్టింది. చారలు మార్చి తీసే ఫోటోల సంఖ్య తగ్గిస్తే కదలిక తప్పు కూడా తగ్గుతుంది. పత్రికకి పంపాల్సిన వ్యాసంలో ఆ బొమ్మలు ఉండాలి. వచ్చే శనివారం ఇంకా బాగా వస్తుంది అంటూ వచ్చాను. సరే బేటీ అంటూ వచ్చింది.

ఆ నెలల్లో మార్కెట్లో ఆమె బల్లని పక్క బల్ల ఫిజియన్ అమ్మ కాపాడుతూ వచ్చింది. తన దుంపలతో పాటు అన్నయ్య తెచ్చిపడేసిన కూరగాయలూ అమ్మింది. ఒక శనివారం నేను దుప్పట్లు కడుతుండగా ఆ అమ్మ చేమాకుల కట్ట పట్టుకుని వచ్చింది. పెద్దమ్మ పక్కన చాప మీద కూర్చుని, ఖాళీగా ఉందని పెద్దమ్మ బల్లని మార్కెట్ వాళ్ళు ఇంకొకరికి ఇచ్చేశారని ఫిజీ హిందీలో మెల్లిగా చెప్పింది. తను ఎంత అడిగినా వినలేదట. పెద్దమ్మ ఆమె చెయ్యి పట్టుకుని వినాకా అంది, మన థాంక్స్ లాంటి మాట. తర్వాత నా వైపు తిరిగి, కానియ్యి బేటీ, నీ పని చూసుకో అంది. నేను చూసుకున్నాను. అన్నిటికంటే మంచి కొలత ఆ రోజే వచ్చింది.

ఆ కొలతతో చేసిన కాలు చక్కగా అమరింది. ఎక్కడా ఒరుసుకోలేదు. నడక కుదిరాక, వాన కురిసిన ఒక ఉదయం మార్కెట్‌కి పోదామంది. తన పాత బల్ల దగ్గర, కొనేవాళ్ళు నిలబడే వైపు నిలబడింది. అవతల ఒక కుర్రది బెండకాయలు పోసుకుని కూర్చుంది. పెద్దమ్మ ఒక్కొక్కటీ కొస విరిచి చూసి, లేతవి ఏరుకుంది. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

బస్టాండు దగ్గర అన్నాను: "పెద్దమ్మా, నా వల్లే లేటయ్యింది. బల్ల నా వల్లే పోయింది."

ఆమె కాదనలేదు. "అవును, లేటయ్యింది," అంది. "కాలు మాత్రం అచ్ఛా చేసినావు. పద, బస్ పోతాది," అని నా చెయ్యి పట్టుకోకుండానే మెట్టెక్కింది.

ఆ తర్వాత ఆమె ఎక్కువ కాలం బతకలేదు. ఇప్పుడు ఆ పద్ధతిలో ఒక్క పూటలో కొలత అయిపోతుంది. పక్క దీవిలోని సావుసావు నుంచి పడవలో వచ్చినవాళ్ళు సాయంత్రానికి తిరిగి వెళ్ళేందుకు లేస్తారు. వాళ్ళు నాకు దండం పెడితే ఎటు చూడాలో తెలియదు. వ్యాసంలో బొమ్మల కింద "ఒక రోగి" అని మాత్రమే రాశాను.

అస్థికలు సముద్రంలో కలిపాక, అన్నయ్య ఆ కాలు నా చేతికిచ్చాడు. దాని పాదం, కడ్డీ ఇంకెవరికైనా పనికొస్తాయి కదా, సూవా తీసుకుపో అన్నాడు. ఆ రోజు కారు తేలేదు. బస్సులో కాలుని పక్కన నిలబెట్టుకుని కూర్చున్నాను. ఆమె తొడుక్కున్న కాన్వాస్ బూటు దానికి అలాగే ఉంది. సింగటోకా ఊరు దాటాక ఒక కుదుపుకి అది నా మీదికి ఒరిగింది. పడకుండా పట్టుకున్నాను. బూటు అడుగున ఎండిన మట్టి కొంచెం రాలి నా ఒళ్ళో పడింది. దాన్ని దులుపుకోకుండా, కిటికీ అవతల సముద్రం కనిపించినంత సేపూ అలాగే పట్టుకుని కూర్చున్నాను.