తోడుకిచ్చిన రక్తం

మా వదిన లావు. అమ్మ సన్నం. ఎమ్మిగనూరులో మా పుట్టింటికి ఎవరొచ్చినా వదినతో "కొంచెం తగ్గాలమ్మా" అనేవాళ్లు. అమ్మను చూసి మెచ్చుకునేవాళ్లు.

అందుకే నిరుడు వదినకు మిద్దె ఎక్కితే ఆయాసం వస్తోందంటే, అది లావు వల్లేననుకున్నాం. ఆదోని డాక్టరు పరగడుపున వచ్చి రక్తపరీక్ష చేయించుకోమన్నాడు. అమ్మా నేనూ తోడు వెళ్లాం. పూజ కానిదే అమ్మ ఏమీ తినదు. ఆ రోజు చీకటితోనే బస్సెక్కాం కనుక ఆమెదీ పరగడుపే.

రక్తం తీసే అబ్బాయి చేతిలో సూది చూడగానే వదిన చెయ్యి లాక్కుంది.

"ఏం పాపా, ఇద్దరు బిడ్డల్ని కన్నావు, ఇంత సూదికి భయపడతాండావా?" అంటూ అమ్మ పక్క కుర్చీలో కూర్చుని చెయ్యి చాపింది. "ముందు నాది తియ్యప్పా. సూసి ధైర్యం తెచ్చుకుంటాది."

"నీ ఒంట్లో యాడుందత్తా రక్తం?" భయంలోనూ వదిన నవ్వింది.

సాయంత్రం కాగితాలు చూసి డాక్టరు, తక్కువున్నది వదిన రక్తమేనన్నాడు. ఆయాసం దానివల్లేనట. ఆమె కొవ్వు లెక్కలు మాత్రం బాగున్నాయట. అమ్మ కాగితం దగ్గర ఆగాడు.

"విడిగా చూస్తే ఏదీ మరీ తేడాగా లేదు. ట్రైగ్లిజరైడ్లు, అంటే రక్తంలో తిరిగే కొవ్వు, కొంచెం పైన, మంచి కొలెస్ట్రాల్ కొంచెం కింద. ఆ పైదాన్ని ఈ కిందిదానితో భాగిస్తే వచ్చే లెక్కే బాగా పెరిగింది. అట్లా ఉన్నప్పుడు, మనిషి సన్నగా ఉన్నా గుండె చుట్టూ కొవ్వు పేరుకుని ఉండొచ్చు."

గుండెకు ఎకో స్కాన్ తీస్తే ఆ కొవ్వు పొర కనిపించింది. గుండె ఇప్పటికి బాగానే పనిచేస్తోంది, ఇట్లాగే వదిలేస్తే మాత్రం ముప్పేనన్నాడు.

"నూనె ముట్టను సామీ నేను. నెయ్యి దేవుని దీపానికే," అంది అమ్మ.

"మరేం తింటారు?"

వదిన చెప్పింది. "మేమందరం రొట్టెలు తిన్నాక మిగిలిన అన్నం తింటాది సార్, ఇంత చట్నీ ఏసుకొని. పగలంతా చక్కెర టీ, బొరుగులు."

అన్నం, చక్కెర బాగా తగ్గించి జొన్నరొట్టె, పప్పు, ఆకుకూర తినమన్నాడు. రోజూ నడవమన్నాడు. ఒక మాత్ర రాసిచ్చాడు.

మాత్రకు అమ్మ ఒప్పుకుంది. రొట్టె దగ్గరే పేచీ. మా ఇంట్లో రొట్టె పెనం మీదినుంచి నేరుగా కంచంలోకి పోతుంది. అమ్మ వంతు వచ్చేసరికి, "నా ఒక్కదానికి మళ్లీ పిండి కలపొద్దులే" అని అన్నం గిన్నె దగ్గరికి లాక్కునేది. అందువల్ల ఆమెను ముందే కూర్చోబెట్టాలని వదిన పట్టుబట్టింది.

"కొడుకు తినకముందు నేను తినేదా? నాతో కాదు."

"అయితే నేను రొట్టె తట్టను. అందరమూ అన్నమే తిందాం."

అన్న ఖాళీ కంచంతో నిలబడ్డాడు. "అమ్మా, ఆకలైతాంది. నువ్వు తింటే గాని నాకు రొట్టె లేదంట."

అమ్మ గోడవైపు తిరిగి కూర్చుని తింది.

కొన్ని నెలల తర్వాత మళ్లీ పరీక్ష చేయిస్తే ఆ లెక్క కొంత దిగింది. గుండె మీది పొర మాత్రం తొందరగా పోదన్నాడు డాక్టరు. ఆ కొంతకే నేను దేవునికి దండం పెట్టుకున్నాను. వదిన ఆ రోజు భయపడినందుకు కూడా.

మొన్న పుట్టింటికి పోయినప్పుడు అమ్మ గోడవైపు తిరగలేదు. పొయ్యి ఎదురుగానే కూర్చుని వదినను సాధిస్తోంది.

"పెనం కాగనియ్యవు. మొదటి రొట్టె ఎప్పుడూ మందమే."

"రెండోదీ నీకే అత్తా. తిను."