మేడగదిలో రొట్టె

డ్రెస్డెన్‌లో గదులు అద్దెకిచ్చుకునే హెన్రియెట్టమ్మ మెట్లెక్కితే చప్పుడు కాదు. తాళాలగుత్తి మోగకుండా పిడికిట్లో బిగించి పట్టుకుంటుంది. అద్దెవాళ్ళకొచ్చిన ఉత్తరాలని దీపానికి అడ్డం పెట్టి చూస్తుంది. రాజు మీద కరపత్రాలు రాసిన విద్యార్థుల కోసం పోలీసులు ఊరంతా గాలిస్తున్నారు మరి. ఒక్కడు తన ఇంట్లో దొరికినా ఇంటికి తాళం వేస్తారు, ఆవిడ బతుకుతెరువు ఆ ఇల్లొక్కటే. అందుకే మేడగదిలో బొమ్మలు గీసే లెబెరెక్ట్ మీద ఓ కన్నేసింది. మనిషి పుల్లలా ఉంటాడు, రోజూ తెల్లరొట్టె మాత్రం ఒకటి పైకి పట్టుకెళ్తాడు.

ఆదివారం ఇక ఉండబట్టలేక తలుపు తోసుకుని వెళ్ళింది. "ఎవర్ని దాచావయ్యా? ఆ రొట్టెలన్నీ మేస్తున్నదెవరు?"

"ఎవరూ తినరమ్మగారూ! పెన్సిల్ గీత తప్పితే దీంతో చెరుపుతాం," అంటూ లెబెరెక్ట్ రొట్టె లోపలి మెత్తటి భాగాన్ని ఉండచేసి కాగితం మీద రుద్ది చూపించాడు.

"దేవుడిచ్చిన రొట్టెతో మసి తుడుస్తావా!" అని తిడుతూనే ఆవిడ మంచం కింద, బీరువాలో వెతికింది. ఎవరూ లేరు. బల్లమీద కాగితంపై గీసిన బొమ్మలో మాత్రం ఒకావిడ కళ్ళు చికిలించి, మెడ చాచి చూస్తోంది. అది హెన్రియెట్టమ్మే. అద్దం ముందు ఎప్పుడూ నవ్వుమొహమే పెట్టే మనిషి కాబట్టి, తన మొహాన్ని తనే పోల్చుకోలేకపోయింది.

"ఈవిడెవరోగానీ," అంది గొంతు తగ్గించి, "గుమ్మం తొక్కనివ్వకు బాబూ. మనిద్దర్నీ పోలీసులకి పట్టించే రకంలా ఉంది."