గో అండ్ కమ్

వేల్స్‌లో సముద్రపొడ్డున ఓ చిన్న ఊళ్ళో కాపురం పెట్టిన వారానికే, పక్కింట్లో ఒంటరిగా ఉండే గ్వెన్ అనే పెద్దావిడ టీకి పిలిచింది. తాగి లేస్తూ "ఐ విల్ గో అండ్ కమ్" అన్నాను. మా నందిగామలో ఎవరింట్లోంచి బయల్దేరినా వెళ్ళొస్తామనేగా అంటాం.

మర్నాడు గోడవతల నుంచి గ్వెన్ చిన్నబుచ్చుకుని అడిగింది: "వస్తానన్నావు. సూప్ పెట్టుకుని చూస్తూ కూర్చున్నా. రాలేదేం?"

క్షమాపణ చెప్పడానికి వెళ్ళి, అలవాటుకొద్దీ మళ్ళీ అదే మాట అని వచ్చాను. ఆ రోజు కేకు కూడా చేసి ఎదురుచూసిందట.

మా ఆయనది జగ్గయ్యపేట. సంగతి విని, "వెళ్తున్నా అని చెప్పి వచ్చెయ్యలేకపోయావా?" అన్నారు.

"పెద్దావిడ ఇంట్లో నిలబడి ఆ మాట ఎట్టా అనేదండీ?"

"అనకపోతే రోజూ వండుతానే ఉంటది."

చివరికి గ్వెన్‌ని మా ఇంటికి పిలిచి, పెసరట్టు పెట్టి అంతా విడమరిచి చెప్పాను. మా వైపు ఉత్తినే 'వెళ్తున్నా' అనడం అశుభమని, 'వెళ్ళొస్తా' అన్నామంటే వెళ్ళిపోతున్నామనే అర్థమని. శ్రద్ధగా విని, "మా ఊళ్ళో అట్లాంటి పట్టింపేం లేదమ్మా, నేను వెళ్తున్నా" అని లేచింది.

నాకు అన్ని నీతులు చెప్పిన మా ఆయన గబగబా వెళ్ళి తలుపుకి అడ్డంగా నిలబడ్డారు. "గో అనకండి. గో అండ్ కమ్ అనండి."

ఆయన కోసం పాపం ఆ మాట అని వెళ్ళింది. అన్నందుకు, అరగంటలో తిరిగొచ్చింది.